సిరంజి మీద ఎర్రగీత

పిల్లల వార్డుకూ ఎక్స్‌రే గదికీ మధ్య ఒక ఇరుకు గది ఉంది. తలుపు మీద రాసిన పేరు చదివి అర్థం చేసుకున్నవాళ్లు తక్కువ. ఆసుపత్రిలో అందరూ దాన్ని బెలూన్ గది అనే అంటారు, అందులో కూర్చునే ఆవిడను బెలూన్ డాక్టరమ్మ అంటారు. ఆ పేరంటే ఆవిడకు ఒళ్లు మంట. కానీ చేసేది బెలూన్ పనే కనుక కిక్కురుమనడానికి లేదు.

పని నలుగురిలో చెప్పుకోవడానికి ఇబ్బందే గానీ సిగ్గుపడాల్సిందేమీ లేదు. పేగు చివర రెండు బిగింపు కండరాలుంటాయి. బయటిది మన మాట వింటుంది. బస్సులో ఉండగా అవసరం ముంచుకొస్తే పళ్లు బిగబట్టి బిగించేది దాన్నే. లోపలిది మాత్రం ఎవరి మాటా వినదు, ఎప్పుడూ బిగుసుకునే ఉంటుంది. పేగు నిండి గోడ సాగినప్పుడు, ఆ గోడలోనే కాపురముండే నరాలు ఒకదానికొకటి కబురు అందించుకుంటూ కిందికి వస్తాయి. ఆఖరి నరం నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును కాస్తంత విడుస్తుంది. అప్పుడు ఆ కండరం వదులవుతుంది. మధ్యలో మెదడుకు దరఖాస్తు పెట్టుకోవాల్సిన పని లేదు. "వదులు, వదులు" అని పక్కనుంచి ఎవరెంత గొంతు చించుకున్నా దానికి వినపడదు.

కొందరు పిల్లలు ఆ చివరి భాగంలో నరాలు లేకుండా పుడతారు. కబురు తెచ్చే దిక్కు లేక కండరం బిగుసుకునే ఉండిపోతుంది. పైన ఉన్నదంతా ఎక్కడిదక్కడ ఆగిపోయి పొట్ట ఉబ్బుతుంది. దానికి మందుల్లేవు, నరాలు లేని ముక్కను కోసి తీసేయడమే.

ఆ నరాలు ఉన్నాయో లేవో చూడటం బెలూన్ డాక్టరమ్మ పని. సన్నటి గొట్టం చివర చిన్న రబ్బరు బెలూన్ ఉంటుంది. దాన్ని లోపలికి పంపి సిరంజితో గాలి ఎక్కిస్తే, నిండిందనుకుని పేగు మోసపోతుంది. నరాలుంటే లోపలి కండరం వదులై, తెర మీద నడుస్తున్న గీత గుంటలో పడ్డట్టు దిగి మళ్లీ పైకొస్తుంది. నరాలు లేకపోతే గీత దిగదు.

గాలి ఎక్కించడానికే కదా అని ఆవిడ ఏళ్ల తరబడి ఒకే గాజు సిరంజి వాడుతోంది. దాని మీద గోళ్లరంగుతో గీసిన ఒక ఎర్రగీత ఉంది. కొత్తగా చేరిన రోజుల్లో ఒక పిల్లాడికి గాలి ఎక్కువై, వాడు వార్డంతా దద్దరిల్లేలా కేక పెట్టాడు. ఆ కేక చాలాకాలం ఆవిడ చెవుల్లోంచి పోలేదు. మర్నాడే గోళ్లరంగు సీసా తెచ్చి గీత గీసింది. పిల్లల విషయంలో ఆ గీత దాటకూడదని తనకు తానే ఒట్టు పెట్టుకుంది, ఎన్నడూ దాటలేదు. పిల్లలు ఏడవకుండా బయటికొచ్చే పరీక్ష గది అదొక్కటేనని ఆసుపత్రిలో మంచి పేరు. ఆ పేరు చూసుకుని ఆవిడ లోలోపల కాస్త పొంగిపోయేది కూడా.

ఆ గోళ్లరంగు సీసా పిల్లల సర్జన్‌ది. సర్జన్ ఆవిడకు వదిన. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నారు. వదిలిపెట్టలేక, ఈవిడే పూనుకుని స్నేహితురాల్ని తన అన్నకు కట్టబెట్టింది. అప్పట్నుంచీ ఒకరి తప్పులు ఒకరు ఎత్తిచూపుకుంటూ ఇద్దరూ సుఖంగా ఉన్నారు. అన్నం దగ్గర పేగుల మాట ఎత్తకూడదని అన్నయ్య ఒక నియమం పెట్టాడు గానీ, పాపం ఆయన మాట ఆ ఇంట్లో ఎవరు విన్నారు గనుక.

ఆ ఏడు ఎండలు ముదురుతుండగా ఒక పిల్ల వచ్చింది. మొదటి తరగతి చదువుతోంది. ఇంట్లో పిచిక అంటారు. చేతులూ కాళ్లూ పిచికకు తగ్గట్టే ఉన్నాయి, పొట్ట మాత్రం మద్దెలలా ఉంది. వారాల తరబడి దొడ్డికి వెళ్లదు. వెళ్లదు గానీ, తెలియకుండానే బట్టలు పాడుచేసుకుంటుంది. బడిలో పక్కన ఎవరూ కూర్చోరు. తల్లి బట్టల ఫ్యాక్టరీలో మిషను మీద కుడుతుంది. ఇంటికొచ్చి ఆ మురికి బట్టలు ఉతకలేక, ఎక్కడలేని కోపమంతా తెచ్చుకుని పిల్లను బాదేది. "కావాలనే చేస్తోందండీ. కూర్చోమంటే కూర్చోదు, మూలకెళ్లి కాళ్లు మెలేసుకుని నిలబడుతుంది," అని మొదటిరోజే డాక్టరమ్మ ముందు కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది. వెంట వచ్చిన అమ్మమ్మ మధ్యలో కల్పించుకోబోయి కూతురి చూపుకు జడిసి ఊరుకుంది.

డాక్టరమ్మ పిచికను బల్ల మీద పక్కకు తిప్పి పడుకోబెట్టింది.

"కదలకుండా పడుకుంటే నీకు బెలూన్ పెడతాను."

"ఏ రంగుదీ?"

"తెల్లది. లోపల ఉంటుంది, కనపడదు. తెలిసినప్పుడు చెప్పాలి మరి."

పిచిక బుద్ధిగా పడుకుంది. డాక్టరమ్మ గాలి ఎక్కించింది. "తెలుస్తోందా?" అంటే "ఏదీ?" అంది పిల్ల. ఇంకొంచెం ఎక్కించి మళ్లీ అడిగింది. "ఏదీ?" అనే అంది. చిన్నపిల్ల, ప్రశ్న అర్థం కాలేదనుకుంది డాక్టరమ్మ. పిస్టన్ ఎర్రగీత దగ్గర ఆగింది. తెర మీద గీత దిగలేదు. మళ్లీ మొదట్నుంచీ చేసినా దిగలేదు. రిపోర్టులో నరాల స్పందన లేదని రాసి సంతకం పెట్టింది.

నరాలు చూడటానికి పేగు లోపొర నుంచి చిన్న ముక్క తీసి పంపారు గానీ, ముక్క మరీ పలచగా వచ్చింది, దీన్ని చూసి ఏమీ చెప్పలేమని లాబ్ వాళ్లు చేతులెత్తేశారు. రెండోసారీ అంతే. ఎక్స్‌రేలో పేగు అడుగుదాకా ఉబ్బి ఉంది. నరాల్లేని ముక్క మరీ చివర, మరీ పొట్టిగా ఉంటే అలాగే ఉబ్బుతుందని వదిన లెక్క. పొట్ట చూస్తే రోజురోజుకూ బిగిసిపోతోంది.

"మూడోసారి ముక్క కోసం మత్తిచ్చి, ఆపరేషన్ కోసం ఇంకోసారి మత్తివ్వాలా? ఒకేసారి పొట్ట మీద దారి పెట్టేసి, మంచి ముక్క కూడా తీస్తాను. మిగతాది తర్వాత," అంది వదిన. "నీ గీత దిగలేదన్నావుగా?"

"దిగలేదు."

"నీ మాట మీదే వెళ్తున్నా."

పొట్ట మీద దారి అంటే పేగును పొట్ట పక్కనుంచి బయటికి తెచ్చి, అక్కడ సంచి తగిలించడం. నెలల తరబడి ఆ సంచితోనే బడికి వెళ్లాలి.

ఇంతటి మాట విని ఆ కుటుంబం కుప్పకూలుతుందనుకున్నారు అందరూ. తల్లి ఏడ్చిన మాట నిజమే. కానీ ఆ ఏడుపుతో ఇంట్లో గాలి మారిపోయింది. "పుట్టుకతోనే నరాల్లేవట! దాని తప్పేముంది నా తల్లికి?" అని అమ్మమ్మ వార్డులో కనిపించిన వాళ్లందరికీ చెప్పింది. తల్లి ఫ్యాక్టరీకి సెలవు పెట్టి మంచం పక్కనే కూర్చుంది. పిల్ల జుట్టు చిక్కు తీసింది, రెండు జడలు వేసింది, మళ్లీ విప్పి మళ్లీ వేసింది. గొంతు పెంచి ఒక్క మాట అనలేదు. పిచిక ఆ మంచం మీద ఏలికలా కూర్చుని, నర్సులకు తన జబ్బు పేరు తప్పుల్లేకుండా అప్పజెప్పేది.

ఆపరేషన్ ముందురోజు మధ్యాహ్నం డాక్టరమ్మ ఏదో పనిమీద వార్డు దారిన వెళ్తోంది. మంచం మీంచి పిచిక కేకేసింది.

"డాక్టరమ్మా! మీరు అబద్ధమాడారు."

"నేనా? ఎప్పుడు?"

"బెలూన్ పెడతానన్నారు. పెట్టలేదు."

డాక్టరమ్మ నవ్వింది. "పెట్టానుగా. లోపల ఉంటుందని చెప్పలా?"

"లేదు. నాకేం తెలీలేదు. వట్టినే పడుకున్నా."

పిల్లలు అనే మాటల్లో ఇదొకటిలే అనుకుని ఆవిడ నాలుగు అడుగులు వేసింది. వార్డు గుమ్మం దగ్గర కాళ్లు వాటంతటవే ఆగాయి. నరాల్లేని పిల్లల్లో చివరి భాగం ఇరుగ్గా ఉంటుంది. బెలూన్ కాస్త ఉబ్బగానే వాళ్లు మెలికలు తిరిగిపోతారు. ఈ పిల్లకు ఎర్రగీత దాకా ఎక్కించినా, పెట్టిన సంగతే తెలియలేదు. అంటే బెలూన్ గోడలకు తగలనే లేదు. లోపలి పేగు సాగి సాగి పెద్ద గోనెసంచిలా అయిపోయి ఉంటే, నిమ్మకాయంత బెలూన్ అందులో ఒక మూల పడి ఉంటుంది. గోడ సాగకపోతే నరాలకు కబురేది? తలుపు తట్టకుండానే వెనక్కి వచ్చి, ఇంట్లో ఎవరూ లేరని సంతకం పెట్టి ఇచ్చింది తను.

తర్వాత వచ్చిన ఆలోచన ఆవిడకే నచ్చలేదు. ఇప్పుడు నోరు విప్పకపోతే ఎవరికీ తెలియదు, రేపు తీసే మంచి ముక్కలో ఎలాగూ తేలుతుంది, అన్న ఆలోచన అది. నిజమే, తేలుతుంది. సంచి తగిలించాక తేలుతుంది. ఆవిడ తన మీద తనే ఉమ్మేసుకోవాలన్నంత అసహ్యపడి, వదిన గదివైపు నడిచింది.

వదిన టీ తాగుతోంది.

"నా పరీక్ష తప్పు, వదినా. తప్పయి ఉండొచ్చు. మళ్లీ చేస్తాను."

"ఇప్పుడా? రేపు మొదటి కేసు అదేనే!"

"అందుకే ఇప్పుడు."

జరిగింది చెప్పింది. నీళ్లు నమలకుండా, సాకులు చెప్పకుండా చెప్పింది. ఇరవై ఏళ్లుగా ఇలాంటి సందు కోసం కాచుక్కూర్చున్న మనిషి వదిన. కనీసం ఒక్క ఎత్తిపొడుపైనా వస్తుందనుకుంది. రాలేదు. వదిన కప్పు పక్కన పెట్టి, "పద" అంది.

ఆపరేషన్ కోసమని పేగు అప్పటికే కడిగి శుభ్రం చేసి ఉంచారు. పిచిక మళ్లీ బల్ల ఎక్కింది. ఈసారైనా నిజం బెలూనేనా అని అడిగి మరీ పడుకుంది. వదిన తెర పక్కన చేతులు కట్టుకుని నిలబడింది.

"తెలుస్తోందా?"

"ఊహూఁ."

పిస్టన్ ఎర్రగీత దగ్గరికొచ్చింది. బొటనవేలు దానంతటదే ఆగిపోయింది.

"ఆగావేం?" అంది వదిన.

"గీత వచ్చింది."

"గీసింది నువ్వేగా."

ఈ పిల్లకు నిజంగానే నరాలు లేకపోతే, ఇప్పుడు పెట్టబోయే బాధంతా దండగ. ఆ పాత కేక మళ్లీ చెవిలో పడ్డట్టయింది. అయినా డాక్టరమ్మ వేలు కదిపింది. గీత దాటి కొంచెం ఎక్కించి ఆగింది. పిల్ల మొహంలోకి చూసింది. మళ్లీ కొంచెం ఎక్కించింది.

"తెలుస్తోందా?"

"ఊహూఁ."

సిరంజి ఖాళీ అయిపోయింది. గాలి వెనక్కి రాకుండా గొట్టానికున్న చిన్న కొళాయి తిప్పి మూసి, సిరంజిలో మళ్లీ గాలి నింపుకుంది.

"ఇప్పుడు?"

పిచిక కళ్లు పెద్దవి చేసింది. "ఆఁ! ఉంది! బెలూన్ ఉంది!"

తెర మీద గీత కొంచెం వణికింది. కిందికి దిగింది. అడుగున కాసేపు ఉండి, తీరుబడిగా మళ్లీ పైకెక్కింది. మరోసారి చేసినా దిగింది. ఇంకోసారి చేసినా దిగింది. నరాలు నిక్షేపంలా ఉన్నాయి. ఇన్నాళ్లూ అవి పనిలోనే ఉన్నాయి, ఎవరూ సరిగా అడగలేదంతే.

వదిన తెర మీంచి కళ్లు తిప్పకుండా, "పొద్దున్నే కోసి ఉండేదాన్ని," అని మాత్రం అంది. బయటికి వెళ్లి థియేటర్‌కు ఫోను చేసి కేసు తీసేయమని చెప్పింది.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. డాక్టరమ్మ కూడా అలాగే అనుకుని, మొహం నిండా వెలుగుతో వార్డుకు వెళ్లింది. తల్లి పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని జడ వేస్తోంది.

"ఆపరేషన్ లేదమ్మా. నరాలు ఉన్నాయి, బాగా పనిచేస్తున్నాయి. నా మొదటి పరీక్షే తప్పు."

అమ్మమ్మ రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చేసింది. తల్లికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒక్క క్షణం మొహం విప్పారింది. తర్వాత దువ్వెన పట్టుకున్న చెయ్యి ఆగింది.

"నరాలు బాగానే ఉన్నాయా?"

"ఉన్నాయి."

"అంటే ఇన్నాళ్లూ కావాలనే చేసిందన్నమాట!" తల్లి గొంతు పాత గొంతైపోయింది. "నేను సెలవు పెట్టి, తిండీ నిద్రా మానుకుని దీనికి ఊడిగం చేస్తుంటే..."

పిచిక ఒళ్లోంచి మెల్లగా జారి మంచం అవతలి చివరికి జరిగింది. మోకాళ్లు రెండూ దగ్గరికి లాక్కుని, ఒక పాదం మీద ఇంకో పాదం నొక్కి పెట్టి, ఒళ్లంతా కర్రలా బిగించుకుంది. డాక్టరమ్మ ఆ బిగింపు చూసింది. మూలకెళ్లి కాళ్లు మెలేసుకుంటుందని తల్లి మొదటిరోజే చెప్పిన బిగింపు అది. తెర మీద ఏ గీతా దాన్ని చూపించలేదు. ఈ పిల్లకు లోపలి కండరంతో ఏ తగువూ లేదు. తల్లి గొంతు లేచినప్పుడల్లా మూసుకుపోతోంది బయటి కండరం.

"డాక్టరమ్మా," అంది పిచిక సన్నగా. "మళ్లీ ఒకసారి చూడండి. నరాలు లేవేమో."

బెలూన్ డాక్టరమ్మ ఇన్నేళ్ల ఉద్యోగంలో, జబ్బు ఉండాలని బతిమాలిన పిల్లను చూడలేదు. ఆవిడకు ఏడుపొచ్చింది. ఏడ్చే హక్కు తనకు ఆ పూట లేదనిపించి మంచం అంచున కూర్చుంది.

"అమ్మా, నా తప్పు వల్ల రేపు పొద్దున మీ పిల్ల పొట్టకు చిల్లు పడేది," అంది తల్లితో. "నన్నేం చేస్తారు? కొడతారా?"

తల్లి కంగారు పడింది. "అయ్యో, అవేం మాటలండీ! మీరు తెలిసి చేశారా ఏమన్నా?"

"దానిదీ అంతే. తెలిసి చెయ్యలేదు."

డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. ఎప్పుడో ఒకసారి దొడ్డికి గట్టిగా వచ్చి నొప్పెట్టి ఉంటుంది. మళ్లీ నొప్పెడుతుందని బిగబట్టింది. బిగబడితే ఇంకా గట్టిపడింది. పేగు సాగిపోయింది. సాగిన పేగుకు నిండిన సంగతి తెలియదు. తెలియనప్పుడు బట్టల్లోకి జారితే పిల్లకేం తెలుస్తుంది? దానికి దెబ్బలు పడితే ఇంకా బిగబడుతుంది. "నరాలు లేకపోతే కోసి సరిచేసేవాళ్లం. భయాన్ని ఏ కత్తితో కోస్తాం? మందులిస్తాను, నెలలు పడుతుంది. తిన్నాక రోజూ టాయిలెట్‌లో కూర్చోబెట్టండి. మీరు తలుపు బయట ఉండండి. గొంతు మాత్రం లేవకూడదు."

తల్లి తల వంచుకుంది. "అరవకుండా నాకు చేతకాదండీ," అంది. ఆ మాటలో దాపరికం లేదు.

"నేర్చుకోండి. నాకూ గీత దాటడం చేతకాలేదు, ఇందాకటిదాకా."

ఆ సాయంత్రం వదిన ఒక చిన్న సీసా తెచ్చి బెలూన్ గది బల్ల మీద పెట్టింది. గోళ్లరంగు తుడిచే మందు. "రంగూ నేనే ఇచ్చాను, ఇదీ నేనే ఇస్తున్నాను. మీ వంశాన్ని ఉద్ధరించడానికే పుట్టాను," అంది. అప్పటికి ఎత్తిపొడుపు తిరిగొచ్చినందుకు డాక్టరమ్మ ప్రాణం కుదుటపడింది. ఎంత రుద్దినా గాజు మీద ఒక పలచటి ఎరుపు మిగిలిపోయింది.

పిచిక మందుల మీద చాలాకాలం నడిచింది. మధ్యలో రెండుసార్లు మొదటికొచ్చింది. ఒకసారి తల్లి గొంతు లేపానని ఫోను చేసి తనే చెప్పింది, ఏడ్చింది. చలికాలం వచ్చాక, ఇప్పుడెలా ఉందో చూద్దామని డాక్టరమ్మ మళ్లీ పిలిపించింది. పొట్ట తగ్గి, పిల్లకు పిచిక పేరు పూర్తిగా నప్పింది. బల్ల మీద పడుకుని కబుర్లు మొదలుపెట్టింది. "మా అమ్మ టాయిలెట్ తలుపు బయట కూర్చుని గుండీలు కుడుతుంది. కోపమొస్తే దారం తెంపుతుంది. చాలా దారం తెంపింది."

తల్లి సిగ్గుతో నేల చూపులు చూసింది.

డాక్టరమ్మ గాలి ఎక్కించింది. పిస్టన్ ఆ పలచటి ఎరుపు దాకా ఇంకా రానేలేదు.

"తెలిసింది, తెలిసింది! ఆపండి!" అని అరిచింది పిచిక.

ఆవిడ వేలు ఆగింది. తెర మీద గీత గుంటలోకి దిగి పైకొచ్చింది. డాక్టరమ్మ గొట్టం తీసి, పిల్ల బట్టలు సరిచేసి కూర్చోబెట్టింది.

"నరాలు ఉన్నాయా?" అంది పిచిక.

"ఉన్నాయి."

పిచిక డాక్టరమ్మను చూడలేదు. తలుపు పక్కన నిలబడ్డ తల్లివైపు తిరిగింది. మోకాళ్లు కొంచెం దగ్గరికొచ్చాయి.

"ఉంటే ఏం కాదుగా, అమ్మా?"

తల్లి దగ్గరికొచ్చింది. ఊడిపోయిన జడ రిబ్బను చేతిలోకి తీసుకుని ముడి వేసింది.

"ఏం కాదే," అంది.

పిచిక మోకాళ్లు వదులై, కాళ్లు బల్ల అంచు నుంచి కిందికి వేలాడాయి.